ఇక్కడ ఎవరూ ఏమీ రాయలేదు

భన్‌పురిలో పరదేశిగారి లారీ ఆఫీసుకి గురునాథం కంప్యూటర్ ప్రోగ్రాం రాసిచ్చాడు. దాంతోపాటు దాన్ని ఎలా వాడాలో చెప్పే రెండొందల పన్నెండు పేజీల పుస్తకమూ ఇచ్చాడు. అందులో అతను రాసింది పదిహేను పేజీలే. ఏదో పత్రికతో వచ్చిన సీడీలో ఒక ఉచిత సాధనం దొరికింది. ప్రోగ్రాం మధ్యలో మనం రాసుకున్న వివరణల్ని ఏరి, అది పుస్తకంగా కూర్చిపెడుతుంది. దేశదేశాల వాళ్లు కలిసి తయారుచేసి, ఎవరైనా సరిదిద్ది పంపవచ్చని వదిలేశారు. వివరణ లేనిచోట ఆ ఆదేశం పేరు చూసి వాక్యం తనే అల్లేస్తుంది. గురునాథానికి అదే తెగ నచ్చింది.

బుకింగ్ చూసే భ్రమరాంబ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో అతని పక్క క్వార్టర్ ఆవిడే. పుస్తకాన్ని మూడు రోజుల్లో అట్ట నుంచి అట్టదాకా చదివేసింది.

నాలుగో రోజు ఆఫీసు నుంచి ఫోను. గురునాథం స్కూటరేసుకుని పరిగెత్తాడు. గేటు దగ్గర నిండు లోడుతో లారీ నిలబడి ఉంది. అలాంటి బండే లేదని కంప్యూటర్ అంటోంది కాబట్టి చౌకీదారు వదలనంటున్నాడు.

"బండి లేదంటే నేనెక్కి కూకున్నదేటి?" అని డ్రైవరు అచ్చయ్య హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

భ్రమరాంబ పుస్తకం తెరిచి చూపించింది. "బండి రద్దు: బండిని రద్దు చేస్తుంది. ఇదేనా నువ్వు చెప్పింది? నిన్న టైరు పంచరైంది, ఆ ఒక్క ట్రిప్పు ఆపుదామని నొక్కాను. లారీనే మాయం చేసింది!"

"అది నేను రాయలేదు పిన్నీ, ఆ సాధనం రాసింది."

"మరి దానికేం తెలుసని రాసింది? తెలీకపోతే తెలీదనాలి గానీ!"

గురునాథం లారీని మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించి, గేటు దాటించి, తల దించుకుని ఇంటికెళ్లాడు.

వారం రోజులు ఆ సాధనం లోపలి రాతతో కుస్తీ పట్టాడు. వివరణ లేనిచోట వాక్యం అల్లడం మానిపించి, పెద్ద అక్షరాలతో 'ఇక్కడ ఎవరూ ఏమీ రాయలేదు' అని వేసేలా చేశాడు. తన పుస్తకాన్ని మళ్లీ అచ్చు తీశాడు. నూట తొంభై ఏడు పేజీల్లో అదే ముక్క. ఒక్కో పేజీ తిప్పుతుంటే చెంప ఛెళ్లుమన్నట్టుంది.

"ఇప్పుడు నిజం చెప్తోంది, అచ్ఛా!" అంది భ్రమరాంబ, పెన్సిలు చెక్కుకుంటూ. మధ్యాహ్నం పూట ఇద్దరూ కూర్చున్నారు. ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కకూడదో, నొక్కితే ఏం పోతుందో ఆవిడ అడగడం, అతను చెప్పడం, అర్థమైతేనే ఆవిడ రాసుకోవడం. మూడుసార్లు పోట్లాడుకున్నారు. కొత్త పుస్తకం ముప్ఫై ఎనిమిది పేజీలైంది. ఆపైన చౌకీదారు కూడా దానికి పేచీ పెట్టలేదు.

శంకర్ నగర్ సైబర్ కేఫ్ నుంచి గురునాథం తన మార్పుని ఆ సాధనం చేసినవాళ్లకి పంపాడు. పది రోజులకి జవాబొచ్చింది: "మీ మార్పుతో మా సొంత పుస్తకాన్నే తీసి చూశాం. సగం ఖాళీ. ఎవరు రాయాల్సిందన్న గొడవతో ఇద్దరు సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. అయినా మార్పు తీసుకున్నాం. తప్పు పట్టిందెవరో చెప్పండి, పేరు వేస్తాం."

భ్రమరాంబ పేరు పంపాడు. సాయపడ్డవాళ్ల కొత్త జాబితా అచ్చు తీసి పట్టుకెళితే, ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసింది. పేరుకి ఎనిమిది అక్షరాలే పడతాయట, ఇంగ్లీషులో 'భ్రమర' దగ్గరే తెగిపోయింది.

"అంబ ఏదయ్యా?"

"చోటు చాల్లేదు పిన్నీ."

"ఆ ముక్క ఎక్కడైనా రాసి పెట్టారా?"

గురునాథం మర్నాడు మళ్లీ సైబర్ కేఫ్‌కి బయల్దేరాడు.