ఒకేలా వచ్చిన నలభై వరసలు

లెక్కల టీచరమ్మ ముందు రెండు నోటు పుస్తకాలున్నాయి. రెండింట్లోనూ నలభై వరసల జవాబులు అచ్చు గుద్దినట్టు ఒకటే. ఇంకే లెక్కయినా సంతోషించేదే, ఈ లెక్కలో మాత్రం అలా కుదరదు. సున్నాకీ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తీసుకోవాలి, దాన్ని ఒకటిలోంచి తీసేసి, మిగిలినదాన్నీ మొదటి సంఖ్యనీ గుణించి, మళ్ళీ నాలుగుతో గుణించాలి. వచ్చినదానితో మళ్ళీ అదే పని. ఒక క్యాలిక్యులేటరు ఎనిమిది అంకెలు పట్టుకుంటుంది, ఇంకోటి పది. ఆ కంటికానని తేడా పెరిగి పెరిగి, ముప్పయ్యో వరస దాటేసరికి జవాబులు తలో దారి పడతాయి. ఈ పిల్లలిద్దరి క్యాలిక్యులేటర్లూ వేరు. అంటే ఒకరు కాపీ కొట్టారు.

ఒకతె చురుకైనది, ఒకతె వెనకబెంచీది. వెనకబెంచీ పిల్లను లేపబోయి టీచరమ్మ ఆగిపోయింది.

ముప్పయ్యేళ్ళ కిందట తను చదువుకునేటప్పుడూ ఇదే లెక్క. అబ్బ, ఎంత బాగుండేదో ఆ గది! మాస్టారు బోర్డు మీద త్రిభుజంలో త్రిభుజం, అందులో మళ్ళీ త్రిభుజం గీసుకుంటూ పోయేవారు. సుద్దముక్క మొన ఇక పట్టనప్పుడు, "మిగతావి మీ బుర్రల్లో గీసుకోండర్రా, అక్కడ బోలెడు ఖాళీ" అనేవారు. అందరికంటే ముందు పిచ్చుక నవ్వేది. పిచ్చుకంటే టీచరమ్మ ప్రాణస్నేహితురాలు, బక్కపలచగా ఉంటుందని ఆ పేరు. ఇద్దరికీ ఒకటే రబ్బరు, ఒకటే స్కేలు; క్యాలిక్యులేటర్లు మాత్రం వేరు.

ఆ రోజు టీచరమ్మ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంది. మాస్టారు కాగితాలు అడిగే వేళకు పక్కనున్న పిచ్చుక కాగితంలోంచి తను నలభై వరసలూ దించేసింది. క్లాసు ఫస్టు తనే మరి! మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, నేరుగా పిచ్చుకనే అడిగారు.

"చూసి రాశావా?"

పిచ్చుక "అవునండీ" అంది.

క్లాసు ఫస్టు మహాతల్లి నోరు విప్పితే ఒట్టు. ఆ ఏడాదితో పిచ్చుక లెక్కలు మానేసింది.

టీచరమ్మ పుస్తకాలు మూసి, ఈ కథంతా క్లాసుకి చెప్పేసింది. "ఆ దొంగను నేనే" అని కూడా చెప్పింది. కాసేపటికి చురుకైన పిల్ల ఏడుస్తూ లేచి నిలబడింది.

పిల్లలు వెళ్ళాక టీచరమ్మ స్టాఫ్‌రూములో కూర్చుని ఫోను తీసింది. పిచ్చుక ఇప్పుడు కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ఏళ్ళ తరబడి పలకరింపులే తప్ప ఈ ఊసెత్తింది లేదు.

"ఏమే, ఆ కాగితాల సంగతి గుర్తుందా? తప్పు నాదేనే. ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. నువ్వెందుకు ఒప్పుకున్నావే?"

అవతల మిషను చప్పుడు ఆగింది.

"నువ్వు లేచి కాదంటావనుకున్నాను."

టీచరమ్మ ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.

"మాస్టారు సున్నా వేసినందుకు నాకు బాధేం లేదులే," అంది పిచ్చుక. "గంట కొట్టేదాకా నీ వైపే చూస్తూ కూర్చున్నానే. ఒక్కసారైనా తలెత్తలేదు నువ్వు."