నీటికుక్కపిల్ల కథ

దగ్గరకు జరిగి కూర్చుండుడు నాయనలారా. నడుమ నడుమ ఊఁ కొట్టుట మాత్రము మఱవకుడు. అది లేనిదే నాకు మాట పెగలదు.

శరత్సాయంకాల కుంకుమరాగరంజితయై వరదపొంగు తీసి నిర్మలప్రవాహయైన గోదావరి రెల్లుపూల వెల్లచీర గట్టినట్లు విరాజిల్లుచుండ, పోలవరమున హైమవతి యింటి వసారాలో ఆమె మేనత్త కొడుకు నాగభూషణము మోము చిట్లించుకొని కూర్చుండియుండెను. హైమవతి వ్రాసిన నీటికుక్కపిల్ల కథ దేశదేశముల బాలల పుస్తకములకిచ్చు మహాపురస్కారమునకు తుదిపరిశీలనవఱకు చేరినది. అది తన నాయనమ్మ సూరమ్మ చెప్పిన కథయని ఆమె మొదటిపుటలోనే చాటుకొన్నది. ఆ సూరమ్మయే నాగభూషణమునకు అమ్మమ్మ. పుస్తకము చదివినది మొదలు ఆతనికి కూడు సహింపలేదు. తుదిఘట్టము కల్పితమనియు అమ్మమ్మ పేర అసత్యము చెల్లుచున్నదనియు ఆతడు పురస్కారసభవారికి తెలియజేయగా, వారు నిజము తేల్చుటకై వాగ్దేవి యను విదుషీమణిని పంపిరి. ఆతని మాటయే నిలిచెనా, పుస్తకము పోటీనుండి తొలగింపబడును.

హైమవతి తెచ్చిన పూతరేకులనైన నాగభూషణము తాకడయ్యెను. తీపి పెట్టి నోరు మూయింపజూచుచున్నదని ఆతని శంక.

"తిను బావా, అందులో ఏం కలపలేదులే."

"కథలో కలిపావుగా, చాలు."

ఎదుట కూర్చున్న వాగ్దేవి యడుగగా ఆతడు తానెఱిగిన తుది చెప్పెను. "వరదలో కొట్టుకుపోయిన పిల్ల కోసం తల్లి రేవురేవునా వెతికిందండి. తల్లి పడుకుంది, పడవ పడుకుంది, గోదారీ పడుకుంది. అంతే. పిల్ల దొరకలేదు. బయటి దేశాలవాళ్లు మెచ్చుకోవాలని దొరికినట్టు రాసింది ఈవిడ."

పిల్ల దొరకలేదనునపుడు ఆ నెరసిన తలవాని కంఠము బాలుని కంఠమువలె వణకెను. హైమవతి యది గమనించి మెల్లగా నడిగెను.

"బావా, నాయనమ్మ చెప్పిన కాకి కథ చివర ఏమైంది?"

"కాకి పడుకుంది."

"రాజుగారి ఏనుగు?"

"ఏనుగు..." నాగభూషణము తడబడెను. "అదీ పడుకుంది."

వాగ్దేవి చీరచెంగు నోటికడ్డము పెట్టుకొనెను.

"అన్నం తింటే నీకు కళ్లు మూతలు పడేవి బావా. ఊఁ వినపడకపోతే నాయనమ్మ కథలో అందర్నీ పడుకోబెట్టి లేచి వెళ్లేది. సగం నిద్రలో నీ చెవిన పడింది అదే. మర్నాడు నేను మిగతాది అడిగేదాన్ని. నువ్వు మళ్లీ మొదట్నుంచీ అడిగి, మళ్లీ మధ్యలోనే నిద్రపోయేవాడివి."

చిరకాలము క్రిందట తన వీపు జోకొట్టిన యొక ముడుతల చేయి తలపునకు రాగా నాగభూషణము పూతరేకు చేత దీసికొనెను.

"పుస్తకంలోలా కాదు. ఆవిడ చెప్పినట్టు చెప్పు."

హైమవతి చెప్పదొడగెను. తెల్లవాఱుజామున ఏటినడుమ లంకలోని రెల్లుదుబ్బు కదలినది. తల్లి చెవులు నిక్కినవి.

"ఊఁ," అనెను నాగభూషణము.

వాగ్దేవికి వేఱు సాక్ష్యము కావలసి రాలేదు.

మీరును దీనిని జ్ఞాపకముంచుకొని మీ పిల్లలకు చెప్పుడు నాయనలారా. నడుమ నెవరైన నిద్రించిరేని మఱునాడు పిలిచి మిగిలినది తప్పక చెప్పుడు; ఆ పిల్లను ఏటిలోనే విడిచిపెట్టకుడు.