బండి ఆగాక, దిగకముందు

పురుషుడి ముక్కుకు దిగువన, పై పెదవికి ఎగువన, బొటనవేలంత వెడల్పు కూడా లేని ఆ స్వల్ప భూభాగాన్ని మన పూర్వులు తగినంత శ్రద్ధతో పరిశీలించలేదన్నది నిర్వివాదం. రాజ్యాలకు పొలిమేరలు గీయించిన ప్రభువులున్నారు, చెరువులకు తూములు కట్టించిన మంత్రులున్నారు. మీసం ఎంతవరకు పెరగవచ్చునో, ఎవరి ఆజ్ఞతో తీయవచ్చునో శిలాశాసనం వేయించిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ లోటు వల్ల కలిగిన కష్టమంతా నిజామాబాద్‌లో ఒక బీడీ కార్ఖానా గుమాస్తా నెత్తిన, కచ్చితంగా చెప్పాలంటే మూతిన, పడింది.

ఆయన పేరు రాజనర్సు. పగలు కార్ఖానాలో ఆడవాళ్లు చేసి తెచ్చిన బీడీలను చూసి, పనికిరానివి ఏరి పక్కన పడేయడం ఆయన ఉద్యోగం. వినాయక చవితి రోజుల్లో పందిళ్లలో నాటకాలాడటం ఆయన జీవితం. ఎప్పుడు వేసినా రాజు వేషమే వేశాడు. మంత్రి వేషానికి అడిగినవాళ్లతో మాట్లాడటం మానేశాడు. ఆయన నటన గురించి పట్టణంలో రెండు అభిప్రాయాలుండేవి. రెండోది ఆయనది.

1988 జనవరిలో మద్రాసు నుంచి ఒక సినిమా యూనిట్ బోధన్ వైపు వచ్చింది. చందూర్ దగ్గర కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల చెరుకు తోటల్లో చిత్రీకరణ పెట్టుకున్నారు. తోట వీరరాఘవయ్యది, ఎడ్లు వీరరాఘవయ్యవి, బండ్లు కూడా ఆయనవే. ముందు బండి తోలడానికి కాస్త ముఖం ఉన్న మనిషి కావాలని సహాయ దర్శకుడు అడిగితే, బోధన్ పందిట్లో ఒకసారి రాజనర్సు సింహాసనం మీద కూర్చోవడం చూసిన వీరరాఘవయ్య ఆయన పేరు చెప్పాడు. రాజనర్సుకు బండి తోలడం రాదు. ఎడ్లకు దారి తెలుసు గనుక ఆ విషయం ఎవరి దృష్టికీ రాలేదు.

దృశ్యం ఇదీ: చెరుకు బండ్లు ఊరి పెద్ద వాకిట్లోకి వస్తాయి. ముందు బండి ఆగుతుంది. తలపాగా చుట్టుకున్న బండివాడు దిగి, 'అయ్యగారూ, కాలువ తెగిందండీ' అంటాడు. అంతే. అయితే ఆ మాట విని కథానాయకుడు పరుగెత్తితేనే గండి పూడుతుంది, గండి పూడితేనే ఊరు నిలుస్తుంది, ఊరు నిలిస్తేనే పెళ్లి జరుగుతుంది. కథ మొత్తానికి తన మాటే ఆధారమని రాజనర్సు గ్రహించినంత స్పష్టంగా దర్శకుడు కూడా గ్రహించలేదు.

బండి వచ్చింది, ఆగింది. అంతలో ఎండ పోయింది. మరునాడు కథానాయకుడికి మద్రాసులో వేరే చిత్రం ఉంది. సామాన్లు సర్దుకుంటూ సహాయ దర్శకుడు రాజనర్సు ముఖానికి దగ్గరగా ఒక ఫొటో తీయించి ఇలా ఆదేశించాడు: "మళ్లీ వచ్చి దిగే షాట్ తీస్తాం. అప్పటిదాకా ఆ మీసం ముట్టుకోకు. కంటిన్యుటీ."

కంటిన్యుటీ అంటే బండి మీద కనిపించిన మనిషి బండి దిగాక కూడా వాడిలాగే కనిపించాలన్న నియమం. సినిమాలో బండి ఆగడానికీ, బండివాడు దిగడానికీ నడుమ రెప్పపాటు. రాజనర్సు జీవితంలో ఆ రెప్పపాటు పది నెలలు సాగింది.

ఆ పది నెలలూ ఆయన ఆజ్ఞను అక్షరాలా పాటించాడు. కత్తి తగలనివ్వలేదు, కత్తెర చూపించలేదు. మొదట పెదవి అంచున గీతలా ఉన్న మీసం ఎండాకాలానికి పెదవి దాటింది, వానాకాలానికి బుగ్గలను ఆక్రమించింది. నిప్పు భయంతో ఆయన బీడీ మానేశాడు. బీడీ కార్ఖానా గుమాస్తా బీడీ మానడం ఎంతటి త్యాగమో గ్రహించగలవాళ్లు ఆ కార్ఖానాలోనే ఉన్నారు గానీ, వాళ్లకు గౌరవం కలగలేదు.

"గుమాస్తా సాబ్, గా మీసంల మా కట్టలేమన్న దాగినయా, జర దులిపి సూడుండ్రి," అనేది ఒకావిడ. ఇంట్లో భార్య శంకరమ్మ అంతకంటే సూటిగా, పప్పుచారు తాగేటప్పుడు మీసాన్ని చెవులకు కట్టుకొమ్మని సలహా ఇచ్చింది. రాజనర్సు స్నానం చేసేటప్పుడు 'అయ్యగారూ' అని మొదలుపెట్టి, కాలువను రకరకాలుగా తెంచేవాడు. ఒక రోజు ఏడుస్తూ, ఒక రోజు రొప్పుతూ, ఒక రోజు మహారాజు దండయాత్ర ప్రకటించినట్టుగా.

శ్రావణ మాసంలో ఆయన తండ్రి లక్ష్మీరాజం నిద్రలోనే పోయాడు.

తొమ్మిది రోజులు ఇంట్లో ఎవరూ మీసం మాట ఎత్తలేదు. పదో రోజు అందరూ కందకుర్తి సంగమానికి వెళ్లారు. గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. తమ్ముడు ఆత్మారాం ముందు కూర్చుని తలా మూతీ నున్నగా చేయించుకుని లేచాడు. తర్వాత పెద్దకొడుకు కూర్చున్నాడు. తల పూర్తయి కత్తి కిందికి దిగేసరికి రాజనర్సు అరచేత్తో మూతి మూసుకున్నాడు.

మంగలి దేవన్న కత్తి పక్కకు తీశాడు. "చెయ్యి దియ్యరాదే, రాజనర్సన్నా."

"తల వరకే దేవన్నా. తలకైతే పాగ ఉంటది, కనవడది. మీసం ముట్టకు."

"దినాలకచ్చినవా, కటింగుకచ్చినవా?"

బంధువులు దగ్గరికి జరిగారు. రాజనర్సు కంటిన్యుటీ అంటే ఏమిటో ఓపికగా వివరించాడు. గోదావరి ఒడ్డున ఆ శాస్త్రాన్ని వ్యాఖ్యానించిన మొదటివాడు బహుశా ఆయనే. విన్నవాళ్లలో ఒకాయన, పోయిన మనిషి కూడా షూటింగు అయ్యేదాకా ఆగి పోవలసిందని మాత్రం అన్నాడు. చివరికి నున్నటి తలతో, దాని కింద అంతటి మీసంతో, పెద్దకొడుకు పిండం పెట్టాడు.

ఇక కాకి రావాలి. కాకి వచ్చి ముద్ద ముడితే పోయినవాడు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, ఆ కోరిక ఏదై ఉంటుందో ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. కాకి వచ్చింది. రాతి మీద కూర్చుని మెడ వంచి ముద్దను చూసింది, మనుషులను చూసింది, పక్కకు తిరిగింది. ఆత్మారాం ఇంటి కప్పు బాగుచేయిస్తానన్నాడు. కాకి కదలలేదు. శంకరమ్మ అత్తను కడుపులో పెట్టుకుని చూస్తానంది. కాకి రెక్క కింద గోక్కుంది. ఒక మేనత్త, ఎందుకైనా మంచిదని, తిరుపతి యాత్ర కూడా మొక్కింది.

అప్పటిదాకా ఎడంగా కూర్చున్న తల్లి అంజవ్వ లేచింది. "ఆయనకు గవేవీ వద్దు. పెద్దోని మూతి సూడుండ్రి, తెలుస్తది."

అందరూ చూశారు. కాకి కూడా అటే చూసినట్టు రాజనర్సుకు అనిపించింది. తండ్రి బతికుండగా కొడుకు మీసం గురించి మంచీ చెడూ ఒక్క మాట అన్నవాడు కాదు. పోయాక అభిప్రాయం మారి ఉంటుందా? పందిళ్లలో అందరి వెనకా నిలబడి, నాటకం ఎంత పొడుగున్నా చివరిదాకా చూసి, ఏమీ అనకుండా ఇంటికి నడిచే మనిషి ఆయన. రాజనర్సు చేతులు జోడించి రాతి దగ్గరికి వెళ్లాడు.

"బాపూ," అన్నాడు, నాటకం గొంతుతో కాక మామూలు గొంతుతో, "షూటింగు అయిన దినమే తీస్త. ఒక్క పూట గూడ ఆగ. జర తినే."

కాకి ఎగిరి వచ్చి ముద్దలో ముక్కు పెట్టింది.

గుంపులో నిట్టూర్పులు వినిపించాయి. దేవన్న కత్తి తుడుచుకుని సంచిలో పెట్టుకున్నాడు. పరలోకంతో ఇంత స్పష్టమైన ఒప్పందం కుదుర్చుకున్న నటుడు ఆ జిల్లాలో మరొకడు లేడు. కాకి ఒప్పుకుంది గానీ అంజవ్వ ఒప్పుకోలేదు.

"పిట్టకు ఆకలైంది, తిన్నది," అంది ఆమె. "నాకైతే అయితలేదు."

ఆ రోజు నుంచి ఆమె పెద్దకొడుకుతో మాట్లాడటం మానేసింది. ఉన్నది ఒకే ఇల్లు. వసారా దాటితే ఆత్మారాం అర. అన్నం అక్కడ తినేది. చెప్పవలసింది ఉంటే గోడకో, శంకరమ్మకో చెప్పేది: "మీ ఆయన చెప్పులు నడుమల ఇడిసిండు, తియ్యుమను." ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేస్తూ ఆయన అటు వస్తే ఇటు తిరిగేది. కార్ఖానాలో ఆయన ముందు కట్టలు పెట్టవలసి వస్తుందని వాటిని కోడలితో పంపేది. రాజనర్సు రెండుసార్లు అద్దం ముందు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క గీతతో తల్లి తిరిగి వస్తుంది. అదే గీతతో, ముప్పై ఎనిమిదేళ్లు ఎదురుచూసిన ఒకే ఒక్క మాట పోతుంది. రాజుల వేషంలో ఇలాంటి ధర్మసంకటాలను ఆయన పద్యం పాడి తేల్చేసేవాడు. గుమాస్తాకు పద్యం లేదు. రెండుసార్లూ కత్తి మడిచి పెట్టేశాడు.

నవంబరులో వీరరాఘవయ్య మనిషిని పంపాడు. యూనిట్ వచ్చిందట, దిగే షాట్ రేపేనట.

తెల్లవారి మొదటి బస్సుకు రాజనర్సు వెళ్లాడు. మీసానికి ఆముదం రాసి, కొసలు తిప్పి, దుమ్ము పడకుండా రుమాలు కట్టుకుని వెళ్లాడు. అవే ఎడ్లు, అదే బండి. అప్పటి సహాయ దర్శకుడు వేరే కంపెనీకి వెళ్లిపోయాడని తెలిసింది. కొత్తవాడు ఆయనను మేకప్‌మ్యాన్ దగ్గరికి తోశాడు. రుమాలు విప్పగానే మేకప్‌మ్యాన్ చేతిలోని ఫొటోనూ ఎదుటి మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ఇందులో ఉన్నది మీ తమ్ముడా?"

"నేనే సార్."

"మరి ఈ మీసం ఏంటయ్యా?"

"ముట్టొద్దన్నరు సార్. ముట్టలే."

మేకప్‌మ్యాన్ ఫొటో చూపించాడు. అందులో పెదవి అంచున పెన్సిలుతో గీసినట్టు సన్నటి మీసం. అది తనదేనని నమ్మడానికి రాజనర్సుకు కొంత సమయం పట్టింది. కత్తిరించి సరిచేయవచ్చు కదా అని వీరరాఘవయ్య అడిగాడు. కత్తిరిస్తూ కూర్చుంటే ఎండ పోతుందని, తీసేసి అతికించడం తేలికని మేకప్‌మ్యాన్ అన్నాడు. అని, పక్కనున్న రేకు పెట్టె తెరిచాడు. అట్ట ముక్కల మీద వరుసగా మీసాలు: సన్నవి, గుబురువి, కొసలు లేచినవి, వాలినవి.

"ఇవి పోయినసారి గూడ మీ దగ్గర ఉండెనా, సార్?" అని రాజనర్సు అడిగాడు.

"మా గురువుగారి కాలం నుంచీ ఉన్నాయి."

వీరరాఘవయ్య కాలువ వైపు తిరిగి దగ్గాడు. "పోన్లేవయ్యా," అన్నాడు, "వెంట్రుకలేగా, మళ్లీ రావూ."

కాలువ గట్టు మీద, యూనిట్ మంగలి చేతిలో, గోదావరికి దక్కనిది రాలి గడ్డిలో పడింది. దాని చోట జిగురు రాసి, ఎడమ కొస దగ్గర చిన్న ఖాళీ ఉన్న సన్నటి మీసం ఒకటి అద్దారు. రాజనర్సు బండి ఎక్కి, వెంటనే దిగి, పది నెలలు సాధన చేసినవన్నీ మరచిపోయి, ఊరికే చెప్పాడు: "అయ్యగారూ, కాలువ తెగిందండీ." దర్శకుడు ఓకే అన్నాడు. మేకప్‌మ్యాన్ వచ్చి మీసం ఊడదీసుకుని పెట్టెలో పెట్టుకున్నాడు. ఇంకా ఎండ ఎక్కనే లేదు.

షూటింగు అయిన రోజే తీస్తానన్న మాట, ఒక ఘడియ ముందుగానే నెరవేరింది. ఆ సంగతి కాకికి తెలియజేయడానికి సంగమం దాకా వెళ్లే ఓపిక ఆయనకు లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి అంజవ్వ వసారాలో చాట ముందు కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు అటు తిరగబోయి, ఆగింది. కొడుకు మూతిని చాలాసేపు చూసింది. చాట పక్కకు జరిపింది.

"అచ్చినవా కొడుకా," అంది. "మొకం ఎట్ల గుంజకపోయిందో సూడు. కూసో, రొట్టె వెడ్త."

రాజనర్సు నోరు తెరిచాడు. మీసం తీసింది ఎవరి కోసమో సత్యం చెప్పడానికి అనువైన ముహూర్తం అది. రాజు వేషంలో ఉంటే తప్పక చెప్పేవాడు. అంజవ్వ అప్పటికే పొయ్యి దగ్గర ఉంది, జొన్నరొట్టె కాలే వాసన వస్తోంది.

"బాపు సల్లగుంటడు తియ్యి," అంది ఆమె అక్కడి నుంచే.

"అవునే అవ్వా," అన్నాడు ఆయన, కూర్చుని రొట్టె తుంచాడు.

శంకరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి దగ్గరగా చూసింది. పై పెదవి మీద ఎండిన జిగురు పొరలా మెరుస్తోంది. అత్త ఇటు తిరగకముందే గోటితో దాన్ని గీకి తీసేసి, చెంబు ముందు పెట్టి పోయింది.

మరుసటి వేసవిలో సినిమా నిజామాబాద్‌కు వచ్చింది. ఇంటిల్లిపాదీ వెళ్లారు, అంజవ్వ కూడా. కార్ఖానా ఆడవాళ్లు రెండు వరుసలు ఆక్రమించారు. బండి వచ్చింది, ఆగింది. బండివాడు దిగాడు, మాట చెప్పాడు. గొంతు మద్రాసులో ఎవరిదో పెట్టారు. కొడుక్కు ఆ రోజు పడిశం పట్టినట్టుందని అంజవ్వ బాధపడింది. అయినా రెండు వరుసలవాళ్లూ చప్పట్లు కొట్టారు. కథానాయకుడు పరుగెత్తాడు, గండి పూడింది, ఊరు నిలిచింది.

చప్పట్లు కొట్టనిది శంకరమ్మ ఒక్కతే. ఆమె మొదటి నుంచీ మూతులే చూస్తూ కూర్చుంది. అదే సన్నటి మీసం, ఎడమ కొస దగ్గర చిన్న ఖాళీతో సహా, మొదట పోస్టుమాన్‌కు ఉంది, విశ్రాంతికి ముందు దొంగసాక్షికి ఉంది, చివర్లో పెళ్లికూతురి మేనమామకు ఉంది. ఆ చిత్రంలో మీసం నాలుగు చోట్ల కనిపిస్తుంది. రాజనర్సు ఒక్కచోట.