వెనకనుంచి పిలుపు

గంగాలమ్మ మనవరాలు దేవికి రెండున్నరేళ్ళు. కిందటి ఏడాది చివరిదాకా బాగానే మాట్లాడేది. తండ్రి వరహాలు సముద్రంలో చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తరువాత పిల్ల నోరు విప్పలేదు.

నేను బడిలో టీచర్ని. శనివారాలు బడి వదిలాక అంగన్‌వాడీ తరఫున చిన్నపిల్లలున్న ఇళ్ళకు వెళ్తున్నాను. పిల్లలకు పాఠం చెప్పడం మా పని కాదు. వాళ్ళతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో పెద్దవాళ్ళకు చూపించి పక్కకు తప్పుకోవాలి. జాలరిపేటలో గంగాలమ్మ ఇల్లు నా వంతుకు వచ్చింది. తల్లి రోజారమణి రొయ్యల కంపెనీ నుంచి వచ్చేదాకా దేవి నాయనమ్మ దగ్గరే ఉంటుంది.

దేవి ముందు నేలమీద గిన్నెలు, మూతలు పరిచాను.

“మీ ఇంట్లో గిన్నెలు నేవేటి, టీచరమ్మా? మా మూతలతో ఆడుకుంటన్నావు. దీనికి జీతం కూడా ఇత్తారేటి?” అంది గంగాలమ్మ.

“ఇవ్వరమ్మా.”

“అయితే మరీ పిచ్చిదానివే,” అని నవ్వింది.

తలుపు చాటుకు వెళ్ళి నిలబడ్డాను. “నన్ను పిలవమని దేవికి చెప్పండి. పిలిస్తేనే వస్తాను.”

సందులోంచి చూస్తున్నాను. పిల్ల పెదవులు కదిలాయి. పిల్ల నోరు మూయడానికి గంగాలమ్మ చేయి లేచింది. ఆ చేయి తగలకముందే పిల్ల పెదవులు బిగించేసింది.

నేను బయటికి వచ్చాను. గంగాలమ్మ నవ్వు పోయింది.

“ఆ దినం నా కొడుకు వల బుజానేసుకుని ఎల్తన్నాడు. ఇది గుమ్మంలో నిలబడి ‘అయ్యా’ అని పిలిసీసింది. వేటకెల్లేవోన్ని ఎనకనుంచి పిలవొచ్చా? ఆడు తిరిగి సూసినాడు. నవ్వినాడు కూడా. మరి రానేదు.” పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎవరికీ సెప్పనేదు. దీని తల్లికీ సెప్పనేదు. ఇది మల్లీ ఎవుల్ని పిలిసేత్తాదో అని నా బయం.”

ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.

“మా అమ్మాయి పోర్టులో పనిచేసేది,” అన్నాను. “రోజూ బయల్దేరేముందు నేను ఎదురు వచ్చేదాన్ని. ఆఖరి రోజూ ఎదురు వచ్చాను. వెనకనుంచి ఎవరూ పిలవలేదు. గాజువాక దగ్గర లారీ.”

ఆమె నా ముఖం చూసింది. “ఒక్కతేనా నీకు?”

“ఒక్కతే.”

గంగాలమ్మ లేచి, పరిచిన మూతలన్నీ తానే ఒక్కొక్కటిగా గిన్నెలమీద పెట్టింది.

రోజారమణి వచ్చేసరికి పొద్దు వాలింది. గంగాలమ్మ సాయంత్రం బేరానికి చేపల తట్ట నెత్తికెత్తుకుని గుమ్మం దాటింది. ఎప్పుడూ తిన్నగా వెళ్ళిపోయే మనిషి, వాకిట్లో ఆగింది. వెనక్కి తిరగలేదు.

“దేవీ. నాను ఎల్లిపోతన్నాను. నన్ను పిలవే.”

రోజారమణి కంగారుగా, “అదేటత్తా, బేరానికెల్తా పిలిపించుకుంటావా?” అంది.

“నువ్వూరుకో. పిలవే, గుంటా.”

పిల్ల నా వంక చూసింది. నేను గోడ పక్కకు జరిగాను. పిల్ల తన అరచేతిని తానే నోటిమీద పెట్టుకుంది. గంగాలమ్మ కదలలేదు. తట్టలోంచి నీళ్ళు కారి ఆమె జాకెట్టు తడుస్తోంది. వీధిలో ఎవరో, “ఏటే గంగాలూ, బేరం మరిసిపోయినావా?” అని అరిచారు.

పిల్ల చేయి మెల్లగా కిందికి దిగింది.

“మామ్మా.”

బొంగురు గొంతు. గంగాలమ్మ తట్టను రెండు చేతులా పట్టుకుంది.

“మల్లీ పిలవే,” అంది.