మూడు చుక్కల పంపు

మా స్నేహితుడు ఓలుఫ్ దగ్గర ఏ వస్తువు అరువు తెచ్చుకున్నా దాని మీద మూడు చుక్కలుంటాయి. నిచ్చెన మీద, రెంచీల మీద, ఆఖరికి కాఫీ ఫ్లాస్కు అడుగున కూడా. మేకు మొన పెట్టి సుత్తితో టక్ టక్ టక్‌మని కొడతాడు. "దొంగల భయం కాదు గుడ్రున్, దారి తప్పితే ఇల్లు చేరాలని," అంటాడు నాతో. వాళ్ళావిడ థోరాకి అదీ పట్టదు. తెచ్చినవి తిరిగివ్వడానికి వెళ్తే, "తొందరేమొచ్చింది, ఉంచుకోవాల్సింది," అంటుంది. ఆ మాట నమ్ముకుని వాళ్ళ నిచ్చెన మా షెడ్లో వసంతం నుంచీ ఉండిపోయింది.

ఓలుఫూ మేమూ ఉన్న పాత ఓపెల్ కార్ల క్లబ్బుకి ఒక చెక్కపెట్టె ఉంది. ఎవరి బండి మొరాయించినా అందులోంచి కావలసిన ముక్క తీసుకుని బిగించుకోవచ్చు. తనది సమకూరగానే తిరిగి పెట్టెయ్యాలి. రాతకోతలేం లేవు, మాట మీద నడుస్తుంది. తాళంచెవి మా ఆయన ఐనార్ దగ్గరుంటుంది. పెట్టెలో అన్నిటికన్నా అపురూపమైనది ఫ్యూయల్ పంపు. ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఇంజనుకి అందించే ముక్క అది. మా బళ్ళకి పట్టేది ఇప్పుడెవరూ తయారుచెయ్యరు. దాన్ని క్లబ్బుకి ఊరికే ఇచ్చింది ఓలుఫే. దాని మీదా మూడు చుక్కలున్నాయి. కాకపోతే బిగించాక ఆ వైపు ఇంజనుకి ఆనుకుపోతుంది, పైకి కనిపించదు.

మూడేళ్ళుగా ఆ పంపు మా బండిలో ఉంది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న స్కాగెన్ వెళ్ళడానికి సామాను సర్దుకున్న పొద్దునే మా పంపు పగిలింది. "నాలుగు రోజులు వాడుకుని పెట్టేద్దాం," అన్నాడు ఐనార్. పెట్టెలో ఖాళీ కనిపిస్తే ఎవరైనా అడుగుతారని, మా చచ్చిన పంపుకి వెండిరంగు పూసి, నూనెగుడ్డలో చుట్టి ఆ స్థానంలో పెట్టాడు. నేను పక్కనే నిలబడి చూశాను, వద్దనలేదు. నాకు సముద్రం చూడాలని ఉంది. తిరిగొచ్చాక కొన్నాళ్ళు వేరే పంపు కోసం వెతికాడు, తర్వాత మానేశాడు. ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళు లేనంతకాలం తప్పు కూడా ఇంట్లో సామానులా ఓ మూల పడి ఉంటుంది.

ఈ వేసవిలో ఓ సోమవారం ఓలుఫ్ సైకిలు మీద వచ్చి మా వంటింట్లో కూర్చున్నాడు.

"శనివారం మా బంగారు పెళ్ళిరోజు కదా. యాభై ఏళ్ళ కింద ఏ బండిలో ఇంటికి తెచ్చానో, అదే బండిలో చర్చికి తీసుకెళ్ళమంటోంది థోరా. తీరా చూస్తే ముసల్దాని పంపు పగిలి కూర్చుంది. థోరాది కాదులే, బండిది," అని తన జోకుకి తనే నవ్వాడు. "పెట్టెలోది ఇలా పడెయ్యి ఐనార్."

ఐనార్ కప్పులో చెంచా తిప్పడం ఆపాడు. "కాస్త శుభ్రం చేసి నేనే తెస్తాలే," అన్నాడు.

ఓలుఫ్ గేటు దాటగానే నేను అందుకున్నాను. "ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్యి."

"ఏమని చెప్పను? కంచే చేను మేసిందనా?"

"అవును. ఆ మాటే."

"శనివారంలోగా ఇంకోటి దొరికితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు గుడ్రున్," అన్నాడు. నాకూ ఆ మాటే తియ్యగా వినిపించింది.

ఇక మొదలైంది మా తిరుగుడు. పాత సామాను సంతకి వెళ్ళాం, బళ్ళు విప్పి అమ్మేవాళ్ళ కొట్లన్నీ తిరిగాం. తిరిగింది మా ఓపెల్లోనే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. పిల్ల చంకలోనే ఉందని మాకు తెలుసు, అంతే తేడా. ఐనార్ అయిదుగంటలకే లేచి బండి తీసేవాడు. నేను రొట్టెలు కట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

వీబోర్గ్ ఊరి అవతల ఒకడి పాకలో కొండంత పాత ఇనుము ఉంది. నల్లటి చేతులు తుడుచుకుంటూ వచ్చి మా బండి బానెట్ ఎత్తించాడు.

"ఏది కావాలన్నావ్? ఇదేగా? భలేవాడివి స్వామీ, ఇదిగో నిక్షేపంలా ఉంటే ఊళ్ళట్టుకు తిరుగుతావేం?"

"అది నాది కాదు," అన్నాడు ఐనార్.

"నీ బండిలో ఉన్నది నీది కాదా? మరెవరిది, మీ అత్తగారిదా?" అని పాక ఎగిరిపోయేలా నవ్వాడు.

నా చెవులు వేడెక్కిపోయాయి. ముక్కూమొహం తెలియనివాడి దగ్గర నిజం ఎంత సుళువుగా వచ్చిందో! ఓలుఫ్ ముందు అదే ముక్క పెదవి దాటలేదు.

గురువారం ఓలుఫే ఫోన్ చేశాడు. ఐనార్ గోడవైపు తిరిగి మాట్లాడాడు. "పెట్టెలోది పనిచెయ్యట్లేదోయ్. నీకోసం వేరేది వెతుకుతున్నా." అవతల్నుంచి ఓలుఫ్ గొంతు నాకూ వినిపించింది. "నాకోసం ఇంత అవస్థ పడుతున్నావా? నీలాంటివాడు ఉండాలి ఐనార్." ఫోన్ పెట్టేసి ఐనార్ పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను గిన్నెలు తోముతూ ఒక్క గిన్నెనే చాలాసేపు తోమాను.

శుక్రవారం భోజనం కాగానే ఐనార్ షెడ్లోకి నడిచాడు. వెనకాలే వెళ్ళి చూస్తే బానెట్ ఎత్తి ఉంది, బోల్టులు విప్పుతున్నాడు.

"చుక్కలు చూస్తాడు," అన్నాను.

"చూడనీ. ముందే నేను చెప్తాను. గ్యారేజీలో ఒక్కడూ ఉన్నప్పుడు పట్టుకుని చెప్తాను."

నాకు ఏడుపొచ్చింది. మొగుడు ఇన్నాళ్ళకి మనిషిలా మాట్లాడాడన్న సంతోషం అందులో సగం.

మా వైపు బంగారు పెళ్ళిరోజున పొద్దున్నే ఇరుగుపొరుగు చేరి కిటికీ కింద పాట పాడి లేపాలి. దంపతులు ముసుగుతన్ని నిద్ర నటించాలి. మేము పాటకన్నా ముందే చేరాలని బిస్కెట్ల డబ్బాలో పంపు పెట్టుకుని సైకిళ్ళ మీద బయల్దేరాం. వెళ్ళేసరికి జనం వచ్చేసి ఉన్నారు. గుమ్మానికి దేవదారు కొమ్మల కమాను, దానికి బంగారు కాగితం పూలు. బాకాలు ఊదేవాళ్ళు కూడా సిద్ధంగా ఉన్నారు. ఇక నిద్ర నటించాల్సిన పెళ్ళికొడుకు సూటు వేసుకుని గ్యారేజీ ముందు బానెట్‌లో తల దూర్చి ఉన్నాడు. చుట్టూ క్లబ్బువాళ్ళు.

మా సైకిళ్ళు చూశాడు ఓలుఫ్. డబ్బా చూశాడు. ఐనార్ నోరు తెరిచేలోగా చెయ్యెత్తి అరిచాడు.

"చూశారా? వీళ్ళ బండేదని అడగరేం? తన బండిది ఊడదీసి తెచ్చాడు! నాకోసం! థోరా, బయటికి రా!"

"ఓలుఫ్, ఒక్క నిమిషం, పక్కకి రా," అన్నాడు ఐనార్.

"పక్కకెందుకు, అందరూ వినాలి!"

క్లబ్బు కోశాధికారి ప్రెబెన్ టోపీ తీసి గాల్లోకి ఊపాడు. మూడేసి సార్లు మూడు విడతలు, ఐనార్‌కి హుర్రే కొట్టారు. బాకాలు మోగాయి. థోరా తెల్లజుట్టు మీద ఆనవాయితీ బంగారు కిరీటంతో వచ్చి నన్ను కావిలించుకుంది. "ఎంత మంచివాణ్ణి కట్టుకున్నావే గుడ్రున్!" అంది. నేనేం చేశానో చెప్పనా? నవ్వాను. హుర్రే కూడా కొట్టాను. మధ్యలో ఐనార్ డబ్బా గుండెకి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

పంపు ఓలుఫే అందుకున్నాడు. బిగించేముందు అలవాటుగా తిరగేసి బొటనవేలితో తుడిచాడు. వేలు ఆగింది. మళ్ళీ ఒకసారి తుడిచాడు. తలెత్తి ఐనార్‌ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. చూపు ఎటు తిప్పుకోవాలో తెలియక నేను కమాను కాగితం పూలు చూశాను.

"ఇది పనిచేస్తుంది," అన్నాడు నెమ్మదిగా. "నాకు తెలుసు."

బిగించాడు, థోరాని ఎక్కించుకున్నాడు, బండి చర్చివైపు సాగింది. అందరూ మా వీపులు తట్టారు. ఆ రోజు పాటల్లో, విందులో, ప్రసంగాల్లో ఐనార్ పేరు పెళ్ళికొడుకు పేరుతో సమానంగా వినిపించింది. ఓలుఫ్ ప్రసంగంలో మాత్రం లేదు.

క్లబ్బు మీటింగు ఆ తర్వాతి గురువారం. బస్సులో వెళ్ళాం. కాఫీలు పోస్తుండగా ప్రెబెన్ లేచి రిబ్బను కట్టిన పొట్లం తెచ్చి ఐనార్ ముందు పెట్టాడు.

"స్నేహితుడికి తన బండి గుండె తీసిచ్చినవాడు బస్సులో తిరగడమా! స్వీడన్‌లో ఒకడి అటకమీద దొరికింది. విప్పవయ్యా!"

అందులో పంపు ఉంది. మేము ఊళ్ళన్నీ తిరిగినా దొరకని పంపు.

బల్లకి అవతల కూర్చున్న ఓలుఫ్ సంచీలోంచి తను వాడుకున్న పంపు తీసి దాని పక్కనే పెట్టాడు. చుక్కలు బల్లకి ఆనేలా, బోర్లా పెట్టాడు. దాచుకోవడానికి అంత చోటు ఇచ్చాడు మాకు.

ఐనార్ చాలాసేపు రెండిటినీ చూశాడు. తర్వాత చెయ్యి చాచి ఓలుఫ్ పెట్టినదాన్ని తిరగేశాడు.

"ఇది నాది కాదు, క్లబ్బుది. మూడేళ్ళుగా నా బండిలో ఉంది. పెట్టెలో ఉన్నది నా చచ్చిన పంపు. రంగు పూసి పెట్టింది నేనే."

"నాకు మొదటిరోజు నుంచీ తెలుసు," అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ప్రెబెన్ తన కాఫీ కప్పు పక్కకి పెట్టాడు. "తొమ్మిది హుర్రేలు కొట్టాం. అవి వెనక్కి ఎలా తీసుకుంటారబ్బా?" ఎవరూ నవ్వలేదు, ప్రెబెన్ కూడా నవ్వలేదు. ఐనార్ తాళంచెవి బల్లమీద పెట్టి, రిబ్బను పంపుని ప్రెబెన్ వైపు జరిపాడు. మేము కోట్లు తీసుకుని బయటికొచ్చేశాం.

మర్నాడు పొద్దున షెడ్లోంచి నిచ్చెన దింపి, నేనూ ఐనార్ చెరో కొస పట్టుకుని ఓలుఫ్ ఇంటికి మోసుకెళ్ళాం. కమాను ఇంకా తియ్యలేదు, కొమ్మలు ఎండి ఆకులు రాలుతున్నాయి. తలుపు థోరా తీసింది. నిచ్చెనని చూసింది, మమ్మల్ని చూసింది. తొందరేమొచ్చింది, ఉంచుకోవాల్సింది అంటుందని గుమ్మం ముందు నిలబడే ఉన్నాను.

"అక్కడ గోడకి ఆనించండి," అంది. ఆనించేదాకా గుమ్మంలోనే నిలబడి చూసి, తలుపు వేసుకుంది.