డేనియల్ చేసిన సాయం

“నువ్వు రొయ్యలు చూసుకో శిల్పా, నీ రన్ నేను చూసుకుంటా” అన్నాడు డేనియల్.

అప్పటికి నా చేతులు మోచేతుల దాకా నీచు. సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక, పాతికమందికి భోజనాలు. రాయ్‌పూర్‌లో ఐసు రొయ్యలు దొరకడమే గొప్ప, అయినా మా అత్తయ్య విజయకుమారి గారికి నరసాపురం రుచే రావాలి. పడగ్గదిలో నా లాప్‌టాప్ రొద పెడుతోంది, మూడు రోజులుగా నడుస్తున్న లెక్క, అదే నా రన్, తేలడం లేదు. ఆ వేళ ఆఫీసు పని ఇంటినుంచే చేసుకుంటున్న మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అంత ప్రేమగా ఆ మాట అంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగా తిరిగాయి. ఇప్పుడు తలచుకుంటే నాకు అన్నిటికన్నా అర్థం కానిది అదే.

నా పీహెచ్‌డీ గ్రాఫీన్ మీద. ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర అది, తేనెపట్టు గడుల్లా ఉంటుంది. అందులో అక్కడక్కడ బోరాన్ పెడితే కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టుకుంటుందా, పట్టుకుంటే పొరలో కరెంటు మారుతుందా, మారితే విషవాయువుని కనిపెట్టే పరికరం చెయ్యొచ్చా, ఇదంతా గ్యాసు వదిలి కాదు, కంప్యూటర్‌లోనే చూస్తాను. ఎంత బావుంటుందో చెప్పలేను! రంగూ వాసనా లేకుండా వచ్చి మనిషిని చంపే గ్యాసు నా తెరమీద రెండు చిన్న గోళీల్లా తేలుతూ దిగుతుంది. పెళ్ళిచూపుల్లో ఏం చదువుతున్నావని అడిగితే దీని గురించే అరగంట చెప్పాను. డేనియల్ ఒక్కసారి కూడా ఫోన్ చూసుకోకుండా విన్నాడు, అందుకే చేసుకున్నాను.

అత్తయ్య రిటైరైన నర్సు. “మా కోడలు సైంటిస్టండీ” అని అందరికీ చెబుతుంది. నా లెక్క తేలాలని శుక్రవారాలు ఉపవాసం కూడా పట్టింది. ఉపవాసం విడిచే వేళకి వేడివేడి ఇడ్లీ ఉండాలి, అది నేనే పెట్టాలి, దానికోసం నేను లెక్క మధ్యలో వదిలి లేవాలి. ఇందులో ఎవరిది తప్పో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. చెడ్డవాళ్ళయితే ఎంత సుఖం, హాయిగా తిట్టుకోవచ్చు.

కూడిక ముగిసి ప్లేట్లు ఎత్తేసరికి రన్ అయిపోయింది. గ్యాసు పొరకి అతుక్కుపోయింది, నేను ఊహించని గట్టితనంతో! మా గైడ్ సార్ ఫోన్‌లోనే గట్టిగా నవ్వారు. “శాబాశ్ శిల్పా! దస్ దిన్ మే పేపర్ భేజ్ దేంగే, తయ్యార్ కరో.” పది రోజుల్లో పేపర్ పంపేద్దాం, సిద్ధం చెయ్యమన్నారు.

ఆదివారం మా తెలుగు చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, డేనియల్ లేచాడు. “నా భార్య పరిశోధన ఆగిపోతే ప్రభువు నాకు జ్ఞానమిచ్చాడండి. నేను చెయ్యి పెట్టాను, ఒక్క పూటలో తేలిపోయింది.” అందరూ ఆమెన్ అన్నారు. పక్కావిడ నా మోకాలు గిల్లి, “ఎంత అదృష్టమే! మావోడు గ్లాసుడు మంచినీళ్ళు కూడా తెచ్చుకోడు” అంది. అత్తయ్య పండరీ బట్టల బజార్లో కొన్న కొత్త చీరలో నేను నవ్వుతూ కూర్చున్నాను. నవ్వుతున్నాను కానీ ఎక్కడో ముల్లు, ఎందుకో తెలియదు.

బయటికి రాగానే జోగయ్య బాబాయ్ ఎదురొచ్చాడు. టాటీబంధ్ అవతల ఇనప ఫ్యాక్టరీలో పని ఆయనది.

“అమ్మాయ్, నీ మిషనెప్పుడొత్తాది? మా ఫర్నేసు కాడ పెట్టిద్దారి. పోయినేడు ఇద్దరు కూలబడిపోయేరు. వాసనుండదు కదా, ఎప్పుడు పట్టేత్తాదో తెలవదు.”

“ఇది కంప్యూటర్‌లో లెక్కేనండి బాబాయ్, ఇంకా చాలా ఉంది.”

“ఏం పర్లేదులే, దేవుడే తేల్చేడంట కదా!”

మంగళవారం పేపర్ కోసం అంకెలు సరిచూస్తుంటే ఒక కొలత తేడాగా కనిపించింది. కంప్యూటర్ నా పొరని ఒక డబ్బాలో పెడుతుంది, అదే డబ్బాని పైనా కిందా అంతు లేకుండా పేర్చుకుంటూ పోతుంది. అందుకే పొర మీద చాలా ఖాళీ వదలాలి, లేకపోతే పై డబ్బాలో ఉన్న తన నకలే వచ్చి తగులుతుంది. నేను వదిలిన ఖాళీలో సగం కూడా లేదక్కడ. గ్యాసుని పట్టుకున్నది నా పొర కాదు. కింద పొరకీ పైన నకలుకీ మధ్య అది ఇరుక్కుపోయింది, అంతే.

“డానీ, ఇది నువ్వు మార్చావా?” గదిలో మాత్రమే నువ్వు అంటాను, హాల్లోకొస్తే మీరు.

“ఏది? ఓ, అదా! అంతా ఖాళీయే కదే. ఖాళీక్కూడా లెక్క కట్టుకుంటూ కూర్చుంది, అందుకే లేటు. తగ్గించేశా. స్పీడ్ చూశావుగా?”

“ఆ ఖాళీ కావాలనే పెట్టాను.”

“నాకు చెప్పలేదు మరి.”

“నువ్వు అడగలేదు.”

“రొయ్యల్లో మునిగున్నావ్, ఏం అడగను? సాయం చేసినా తప్పేనా?”

తప్పేనా? నాకు తెలియలేదు. ఆ సాయమేదో రొయ్యలు ఒలిచి చెయ్యొచ్చు కదా అనే మాట అప్పుడు తట్టలేదు, తర్వాత గిన్నెలు తోముతుంటే తట్టింది. ఆయనకి అడగకుండా ముట్టుకోదగ్గ పని నా లెక్కే ఎందుకైంది, రొయ్యలెందుకు కాలేదు? ఇది చిన్న విషయమా, పెద్ద విషయమా? అంత ప్రేమగా విన్న మనిషేగా, ఇంత కోపం రావచ్చా?

“సార్‌కి నీ టైపింగ్ మిస్టేక్ అని చెప్పెయ్. లేదా పంపేశాక నెమ్మదిగా దిద్దుకో. చర్చిలో చెప్పేశాను కదా, నా పరువేం కావాలి?” అన్నాడు డేనియల్.

హాల్లోంచి అత్తయ్య అందుకుంది. “ఏమ్మా, మగాడొచ్చి చేయందిస్తే తప్పులెంచుతారా? నేను ముప్ఫయ్యేళ్ళు డ్యూటీ చేశాను. నైటు దిగొచ్చి వండాను. మీ మావయ్య ఒక్కనాడు నీకు కాళ్ళు నొప్పా అని అడగలేదు. వీడు అడుగుతున్నాడు. థాంక్యూ అనుకో, అంతే, బస్!” ఆవిడ కోపం నామీదో, మావయ్య మీదో అర్థం కాలేదు. ఆవిడకి మంచినీళ్ళిచ్చి వచ్చి ఖాళీని మళ్ళీ ఎప్పటిలా పెట్టి లెక్క మొదలుపెట్టాను.

శనివారానికి తేలింది. పొర గ్యాసుని పట్టుకుందంటే పట్టుకుంది, అంతే. కాస్త వేడి తగిలితే అది తన దారిన తను పోతుంది. చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రావాలి కదా, పేపర్ పోయింది, ఇన్నాళ్ళ పని మళ్ళీ మొదటికొచ్చింది. వచ్చింది మాత్రం సంతోషం లాంటిదేదో. నాకేమైనా పిచ్చా?

ఆదివారం చర్చి గేటు దగ్గర సార్‌కి మెసేజ్ టైప్ చేశాను. ‘నా పొరపాటు వల్ల’ అని మొదలెట్టి చెరిపేశాను. మళ్ళీ అదే రాశాను, మళ్ళీ చెరిపాను. ‘పేపర్ పంపకండి సార్, అంకెలు తప్పు’ అని మాత్రం పంపాను. పాటలు పాడుతున్నంత సేపూ హ్యాండ్‌బ్యాగులో ఫోన్ వణుకుతూనే ఉంది.

ప్రార్థన విన్నపాల దగ్గర జోగయ్య బాబాయ్ లేచాడు. “మన శిల్పమ్మ మిషను తొరగా రావాలని ప్రార్థన చెయ్యండయ్యా. మా ప్లాంటోళ్ళకి కూడా చెప్పేను, గ్యాసుని పట్టేసే మిషనొత్తందని. అందరూ ఎదురు చూత్తన్నారు.”

తలలన్నీ వంగాయి. మగవాళ్ళ వైపు నుంచి డేనియల్ ఒక్కడే తలెత్తి నన్ను చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నేను లేచాను. అత్తయ్య నా కొంగు పట్టుకుని “కూర్చో, ఆమెన్ కాలేదింకా” అంది గుసగుసగా. తప్పు నాదని చెప్పేసి వచ్చి కూర్చుందామనే లేచాను, అలా అయితే అందరికీ సులువు. కొంగు విడిపించుకుని మైక్ దాకా నడిచాను. నోరు తెరిచేవరకూ నేనూ అదే చెబుతాననుకున్నాను.

“జోగయ్య బాబాయ్, మీ వాళ్ళని ఎదురుచూడొద్దని చెప్పండి. ఆ పొర గ్యాసుని గట్టిగా పట్టుకోవట్లేదు. పోయిన ఆదివారం మా ఆయన చెప్పిన సాక్ష్యం ఆయనది కాదండీ, నాది, అది ఇంకా అవ్వలేదు. అందులో తప్పు మాత్రం ఆయనది.”