చేతుల్లేని కోటు

"డెల్సీ, తల్లీ, చేతులు కనిపిస్తున్నాయి," అంది గేటు దగ్గర కాపలా కాసే మిస్ ఐసిలిన్.

"చేతులున్నాక కనిపించవా మరి?"

"నా మీద ఎగరకు. రూలు పెట్టింది ప్రిన్సిపాల్, నేనా? భుజాలు కప్పుకోకపోతే ఆడవాళ్ళకి లోపలికి దారి లేదు, అంతే."

మా కాలేజీ ఒక్కటే కాదు, జమైకాలో చాలా ఆఫీసులకు భుజాలు కప్పుకునే వెళ్ళాలి. మర్చిపోయి వచ్చినవాళ్ళ కోసం మిస్ ఐసిలిన్ గదిలో మేకుకు ఒక పసుపుపచ్చ శాలువా వేలాడుతుంటుంది. ఎవరెవరి చెమటో పీల్చి పీల్చి అది అట్టలా బిగుసుకుపోయింది. ఆవిడ దాన్ని తీసి నా ముందుకు చాపింది.

"కప్పుకుని పో. గది దాకా వెళ్ళాక తీసి అవతల పారెయ్. నీ వంతు వచ్చేస్తోంది."

నేను తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో చెప్పాలి.

నేను బట్టలు కుడతాను. ఇరవై ఏళ్ళుగా ఇంకొకరి దుకాణంలో, ఇంకొకరి పేరు మీద కుట్టాను. నా పేరుతో బోర్డు పెట్టుకుని, దాని కింద దుకాణం సరిగ్గా నడపాలనే నలభై దాటాక ఈ కమ్యూనిటీ కాలేజీలో వ్యాపార నిర్వహణ కోర్సులో చేరాను. ఆఖరి పరీక్ష ఏమిటంటే, ఎవరి వ్యాపార ప్రణాళిక వాళ్ళు క్లాసు ముందు నిలబడి వివరించాలి. ఆ రోజు తప్పితే ఏడాది పోయినట్టే. నా ప్రణాళిక ఆఫీసు ఆడవాళ్ళ కోసం చేతుల్లేని కోటు. కాలరు, జేబులు, నడుము దగ్గర కుదురు, అన్నీ ఉంటాయి. మా ఎండకు పనికిరానివి చేతులే కాబట్టి అవి ఉండవు.

బ్లాగ్రోవ్ మేడమ్ మా పంతులమ్మ. నల్ల కోటు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. మొదటి రోజే నవ్వేసింది.

"ఏ గేటూ దాటలేని కోటు ఎవరు కొంటారు, డెల్సీ? కొనేవాళ్ళు ఎవరో తెలుసుకోవడమే మొదటి పాఠం. చేతులు పెట్టు, పాసవుతావు."

"చేతులు పెడితే అది మామూలు కోటే కదా, మేడమ్."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ లోపల మండిపోయాను.

అందుకే ఈ రోజు ఆ కోటే వేసుకొచ్చాను.

"ఈ గుడ్డ కప్పుకుని లోపలికి పోయి, నా కోటు కొనుక్కోండమ్మా అని ఏ మొహంతో చెప్పను?" అన్నాను మిస్ ఐసిలిన్‌తో.

"అయితే ఫెయిలవుతావు."

"అవుతాను," అనేశాను. అయినా రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎలా?

లోపలికి వెళ్తున్న షెర్నెట్‌ది మా క్లాసే. "నా వంతు వస్తే నేను గేటు దగ్గరున్నానని మేడమ్‌కి చెప్పు," అన్నాను.

మేడమ్ తనే దిగి వచ్చింది, షెర్నెట్ వెనకాలే. మిట్టమధ్యాహ్నం ఎండలో, అదే నల్ల కోటుతో, గేటుకు లోపలి పక్కన నిలబడింది.

"ఏమిటీ నాటకం?"

"నాటకం కాదు మేడమ్, నా పరీక్ష. ఇక్కడే చెప్తాను."

"ఆ శాలువా కప్పుకుని రా. లేదా సున్నా వేస్తాను."

"విన్నాక వేయండి. క్లాసు ముందు నిలబడి చెప్పాలన్నారు. క్లాసుని ఎక్కడ పెట్టాలో మీ ఇష్టం కదా."

ఆవిడ పళ్ళు కొరికి, "కానియ్," అంది.

మొదలుపెట్టాను. రోడ్డు మీద టాక్సీవాళ్ళు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు, హారన్లు మోగిస్తున్నారు. నా మాటలు వినపడక మేడమ్ గేటు దాటి నా పక్కకు వచ్చింది. గుడ్డ ఎక్కడిది, పనివాళ్ళు ఎవరు, పక్క దుకాణంవాడు నిన్ను చూసి అదే కుడితే ఏం చేస్తావని ఊపిరాడకుండా అడిగింది. నేనూ తగ్గలేదు. మధ్యలో పిల్లల ఫీజు కట్టడానికి చేతుల్లేని గౌనులో వచ్చిన ఒక తల్లిని మిస్ ఐసిలిన్ ఆపి, శాలువా చాపింది. ఆ తల్లి దాన్ని వాసన చూసి, "నా కుక్కకి కూడా కప్పను," అని విసవిసా వెళ్ళిపోయింది.

మేడమ్ మెడ వెంట చెమట కారుతోంది. ప్రశ్న మీద ప్రశ్న వేస్తూనే, ధ్యాస లేకుండా, కోటు విప్పి మోచేతి మీద వేసుకుంది. లోపల లేత గోధుమరంగు జాకెట్టు. దానికి చేతుల్లేవు.

నేను చూశాను. మిస్ ఐసిలిన్ కూడా చూసింది.

"ఆఖరి ప్రశ్న," అంది మేడమ్. "మొదటి రోజు అడిగిందే. ఈ కోటు ఎవరు కొంటారు?"

"చెప్తాను మేడమ్. ముందు లోపలికి పదండి, ఎండగా ఉంది."

ఆవిడ గేటు వైపు తిరిగింది. మిస్ ఐసిలిన్ అడ్డంగా చెయ్యి చాపింది.

"మేడమ్, చేతులు కనిపిస్తున్నాయి."

మేడమ్ తన భుజాల వైపు చూసుకుంది. మొహం కందిపోయింది. గబగబా కోటులో చెయ్యి దూర్చింది. తడి చేతికి లోపలి గుడ్డ అంటుకుని మోచేతి దగ్గరే ఆగిపోయింది. లాగింది, మళ్ళీ లాగింది. మిస్ ఐసిలిన్ ఎంతో మర్యాదగా, రెండు చేతులతో, పసుపుపచ్చ శాలువా అందించింది.

మేడమ్ దాని వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. కోటులోంచి చెయ్యి బయటికి లాగేసుకుంది.

"ఆ గుడ్డ నా దగ్గరికి తేకు, ఐసిలిన్," అంది. "షెర్నెట్! వెళ్ళి క్లాసందరినీ కిందికి పిలుచుకురా."

"మరి నా సున్నా, మేడమ్?" అన్నాను.

"పాసయ్యావులే. ఇప్పుడు మొదట్నుంచి చెప్పు. గట్టిగా చెప్పు. పైనున్న ప్రిన్సిపాల్ గది దాకా వినపడాలి."